త్రివేణి హోటల్, ఇరవై నాలుగ్గంటలూ

త్రివేణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. భర్త భాస్కర్ ఇంట్లో ఉన్న పూట తన ఫోను మోగడం, తన చేతులు పిండిలో ఉండగా అతను దాన్ని ఎత్తడం, అవతలి మగగొంతు అడిగే మాట అతని చెవిన పడడం. పడ్డాక అతను తిట్టినా ఓర్చుకుంటుంది, పదిరోజులు మాట్లాడకపోయినా ఓర్చుకుంటుంది. కానీ గోపికను తన దగ్గరే ఉంచుకుని, ఈమెను ఒక్కదాన్ని వేములపల్లికి, పుట్టింటికి పంపిస్తే? మూడేళ్ల ఆ పిల్ల తల్లి కొంగును వేలికి చుట్టుకుంటేగాని నిద్రపోదు. కొంగు లేకుండా అది ఎట్లా పడుకుంటుంది అన్న దగ్గరికి వచ్చేసరికి త్రివేణి ఇక ముందుకు ఆలోచించలేకపోయేది.

ఏ తప్పూ చేయని మనిషికి ఇంత భయం ఎందుకు పట్టుకుందో తెలియాలంటే ఆ ఎండాకాలం నుంచి మొదలుపెట్టాలి.

కోదాడలో పాతరోడ్డు పక్కన వాళ్ల హోటల్. హోటల్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు రేకుల పందిరి, నాలుగు బల్లలు, వెనక గదిలో కాపురం. పొద్దున ఇడ్లీ, పూరీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర. పెళ్లయిన కొత్తలో భాస్కర్ బోర్డు రాయించి దానిమీద పెళ్లాం పేరు పెట్టాడు. అతని తల్లి బుచ్చమ్మ, నా పేరు పెడితే ఇడ్లీలు గట్టిగ అయితయారా అని కొడుకును నలుగురిలో ఏడిపించింది. భాస్కర్ మేళ్లచెరువు ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లారీ తోలుతాడు. లోడు పట్టుకుని పోతే మళ్లీ ఎప్పుడు వస్తాడో అతనికే తెలియదు. హోటల్ నడిపేది అత్తాకోడళ్లే.

నాలుగు లైన్ల రోడ్డు పడేదాకా బాగానే నడిచింది. అది పడినాక కార్లన్నీ ఊరి బయటినుంచి బయటికే జారిపోవడం మొదలుపెట్టాయి. పొద్దున వేసిన ఇడ్లీలు మధ్యాహ్నానికి మిగిలేవి. మిగిలినవాటిని సాయంత్రం పోపు పెట్టి ఇంట్లోవాళ్లే తినేవాళ్లు. తెలంగాణ వస్తుందా రాదా అని అందరూ మాట్లాడుకుంటున్న ఆ ఏడు, బుచ్చమ్మ మాత్రం గిరాకీ వస్తదా రాదా అని మాట్లాడుతుండేది.

అట్లాంటి రోజుల్లో గోవర్ధన్ వచ్చాడు. సూర్యాపేట కుర్రాడు. దుకాణాల పేర్లు, ఫోటోలు ఫోన్లలో కనబడేటట్టు చేసే ఒక చిన్న కంపెనీకి ఊరూరూ తిరుగుతున్నాడు. ఇడ్లీ తిని, చట్నీ బాగుందని ఇంకోసారి పోయించుకుని, పెద్ద ఫోను బయటికి తీసి మాట కలిపాడు.

"అక్కా, ఇప్పుడు ఎవరూ బోర్డులు సూస్తలేరు. కార్ల కూసొని ఫోన్ల సూస్తున్రు. కోదాడల తినేతందుకు ఏమున్నదని కొడితే నీ హోటల్ రావాలె గద. రాకపోతే నువ్వు ఈడ ఉండి గూడ లేనట్టే."

ఆ మాట త్రివేణికి ఎక్కడో గుచ్చుకుంది. నిజమే, రోజంతా పొయ్యి ముందు నిలబడినా ఉన్నట్టు ఎవరికీ తెలియడం లేదు. బుచ్చమ్మకు కూడా నచ్చింది. భాస్కర్ లోడు మీద ఉన్నాడు కాబట్టి గోవర్ధన్ అడిగినవాటికి ఆమే జవాబులు చెప్పింది. ఏం వ్యాపారమవ్వా అంటే, కనబడ్తలేదా బిడ్డా, హోటల్ అంది. ఎన్నింటికి మూస్తరు అని అడిగితే ఆమెకు రోషమొచ్చింది. మూసుడేంది, మేం గీడనే పండుకుంటం, లారీలోళ్లు ఏ యాళ్లకొచ్చి తలుపు కొట్టినా లేసి ఇంత అన్నం పెడ్తం అని చెప్పింది. అతను ఏదో ఒత్తాడు. ఫోన్ నంబరు దగ్గర కొంచెం ఆలోచించారు. బుచ్చమ్మకు ఫోను లేదు. భాస్కర్ ఫోనుకు చేస్తే అతను రోడ్డు మీద ఉంటాడు. అందుకని త్రివేణి నంబరే ఇచ్చారు.

ఫోటో కావాలన్నాడు. త్రివేణి అప్పుడే తలంటుకుని ఉంది. జుట్టు ఆరక ముడి వేసుకోలేదు. బల్ల కింద గోపిక కొంగు పట్టి లాగుతుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వే ఫోటోలో పడింది. పిల్ల మాత్రం పడలేదు.

అంతా అయ్యాక చూపించాడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. త్రివేణి మిర్యాలగూడ హాస్టల్లో ఎనిమిదో తరగతి దాకా చదివి ఆగిపోయింది. ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. తన పేరు దొరికింది. పక్కన ఇంకో మాట, హెచ్, ఓ, టీ... హోటల్. అది తనంతట తాను చదవగలిగినందుకు ఆమెకు లోపల ఎంతో సంతోషమైంది. దాని పక్కనే చిన్న బొమ్మ, మంచం మీద మనిషి పడుకున్నట్టు. అదేందని అడిగితే, అది కంపెనీ గుర్తక్కా, అందరికీ వస్తది అన్నాడు. అతనికీ తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటపడ్డాడు, అంతే.

అతను లేవబోతుంటే త్రివేణే ఆపింది. మేళ్లచెరువులో మా సాలి ఉంది, ఫ్యాక్టరీ గేటు పక్కన టార్పాలిన్ పట్టా కప్పిన షెడ్డు, దానికి కూడా పెట్టు అని దారి చెప్పి పంపింది.

సాలి అంటే హాస్టల్లో త్రివేణితో ఒకే చాప మీద పడుకున్న పిల్ల. వేములపల్లి అవతల తండా ఆమెది. ఇద్దరి చదువూ ఒకే ఏడాది ఆగింది. గొర్లు కాసే తండ్రికి కాలు విరిగి త్రివేణిది, తల్లికి తోడు లేక సాలిది. తర్వాత సాలి భర్త మంగ్త్యాకు మేళ్లచెరువు రాళ్ల క్వారీలో పని దొరికింది. ఆమె గేటు దగ్గర చాయ, అన్నం పెట్టి అమ్ముతోంది. నవ్వితే నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతుంది. గోవర్ధన్ వచ్చి పోయినరోజు సాయంత్రమే ఫోన్ చేసింది. ఇగ మనం కలెక్టర్ల లెక్కనే, మన పేర్లు గాలిల తిరుగుతున్నయంట అని ఒకటే నవ్వు.

ఫోన్లు రావడం ఆ వారంలోనే మొదలైంది.

మొదటిది మర్యాదగానే వచ్చింది. రూములు ఖాళీ ఉన్నాయా అని. లేవండి, ఇడ్లీ ఉంది అంది త్రివేణి. అవతలి మనిషి ఏదో గొణిగి పెట్టేశాడు. రాంగ్ నంబరనుకుంది. మర్నాడు ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. రూము కావాలి, ఎంత, గంటకా, రోజుకా. లేవని చెప్పేకొద్దీ కొందరు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆమెకు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వారుస్తుండగా వచ్చిన ఫోనుతో అర్థమైంది.

"ఫొటోల ఉన్నది నువ్వేనా? రాత్రంత తెరిసే ఉంటదట గద మీ హోటల్."

గంజి చెయ్యి మీద ఒలికింది. కాలిందని కూడా ఆమెకు వెంటనే తెలియలేదు. అతనికి తన మొహం తెలుసు. పేరు తెలుసు. ఊరు, రోడ్డు తెలుసు. తనకు మాత్రం అతను ఎవరో తెలియదు. రేపు వచ్చి ఈ బల్ల మీదే కూర్చుని పూరీ తిన్నా తెలియదు. ఆరోజు నుంచి తినడానికి వచ్చిన ప్రతి మగమనిషి గొంతునూ చెవులు రిక్కించి వినేది. జుట్టు తడి ఆరకముందే ముడి బిగించేది. సందెవేళ అయ్యేసరికి తలుపు గడియ పెట్టేది. లారీలోళ్లు ఆకలితో పోతరు, గడియ ఎందుకు పెడ్తున్నవ్ పిల్లా అని బుచ్చమ్మ గొణిగేది. ఏం చెప్పాలో తెలియక గోపికకు చలిగాలి కొడుతుందనేది. అది ఎండాకాలం.

ఫోను మోగకుండా చేసి బియ్యం డబ్బాలో పెట్టేది. తర్వాత పూర్తిగా బంద్ పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు భాస్కర్‌కు కలవక పరేషాన్. ఓసారి కలిసినప్పుడు, ఎవరితోటి ముచ్చట పెడ్తున్నవే, ఫోనే కలుస్తలేదు అని నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వులో ఏముందోనని ఆమె ఆ రోజంతా తరిచి చూసుకుంది. చెప్పేద్దామా అనుకుంది. ఎట్లా మొదలుపెట్టాలి? మగవాళ్లు నాకు ఫోన్ చేసి రూము అడుగుతున్నారు అని ఏ ఆడమనిషి ఏ నోటితో చెబుతుంది? నీకే ఎందుకు చేస్తున్నారని అతను అడిగితే దానికి తన దగ్గర జవాబు లేదు. అదే ఆమెను తినేసింది. ఎందుకు చేస్తున్నారో ఆమెకూ తెలియదు.

ఆ మధ్యలోనే ఒకసారి సాలి ఫోన్ చేసింది. నవ్వలేదు. నీకు గూడ వస్తున్నయానే అని అడిగింది. బుచ్చమ్మ పక్కనే కూర్చుని చింతపండు నానబెడుతోంది. ఏం లేదు, మల్ల మాట్లాడుత అని త్రివేణి పెట్టేసింది. ఆ తర్వాత తను చేసినప్పుడల్లా సాలి ఫోను కలవలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆటో దిగి ఒక కుటుంబం సంచులతో, పెట్టెలతో లోపలికి వచ్చింది. భార్యాభర్తలు, ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు. బుచ్చమ్మ వాళ్లను ఎవరో దూరపు చుట్టాలనుకుంది. కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చి, మీరు బక్కయ్య తరఫా అని అడిగింది. బక్కయ్య చనిపోయిన ఆమె భర్త. వాళ్లు కూడా మర్యాదకు కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. కాసేపటికి ఆ పెద్దమనిషి, గదులు ఎటువైపమ్మా, పిల్లలు స్నానాలు చేయాలి, పెళ్లికి టైమవుతోంది అన్నాడు. ఆయన విజయవాడ వైపు బడిపంతులు.

త్రివేణి గరిటె పట్టుకునే ముందుకు వచ్చింది. గదుల్లేవండి, మాకు మీరు ఫోను చేసినా లేవనే చెప్పేదాన్ని అంది. చేశామమ్మా, బంద్ వచ్చింది, అందుకే నేరుగా వచ్చాం అంటూ ఆయన తన ఫోను తెరిచి చూపించాడు. త్రివేణి మొహం, విరబోసిన జుట్టు, మంచం మీద పడుకున్న మనిషి.

"మీరు హోటలని పెట్టారు కదమ్మా. ఫోనులో హోటలంటే బస చేసేదండీ. ఇదిగో మంచం గుర్తు, అందుకే. తినేదానికైతే రెస్టారెంటని పెట్టించాలి. పైగా ఇరవై నాలుగ్గంటలూ అని ఉంది."

"పండుకునేదాన్ని లాడ్జి అంటరు గద," అంది బుచ్చమ్మ. "హోటల్ల ఎవడన్న పండుకుంటడా?"

పంతులుగారు నవ్వారు. పిల్లలు నవ్వారు. త్రివేణి మాత్రం ఆ ఫోను వైపే చూస్తూ నిలబడింది. ఇంగ్లీషులో తాను చదవగలిగిన ఒక్కగానొక్క మాట. దాన్ని చదివి తాను సంతోషపడింది. ఆ మాట పక్కన తన పేరు, కింద తన నవ్వు, రాత్రంతా తెరిచి ఉంటుందన్న కబురు. ఇన్నీ కలిపి ఒక మగవాడు చూస్తే ఏమనుకుంటాడో ఆమెకు ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా కనబడింది. వాళ్లు ఇడ్లీ తిని, లాడ్జి ఎక్కడో అడిగి వెళ్లిపోయారు. పోతూ పోతూ ఆ ముసలామె, జాగ్రత్తమ్మా అని మాత్రం అంది.

ఆ వెంటనే గోవర్ధన్‌కు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.  నాకు గూడ తెల్వదక్కా, ఫోన్ల హోటల్ అని సూపిచ్చింది, ఒత్తిన అన్నాడతను. ఇప్పుడే మార్చడానికి పంపుతానన్నాడు. కానీ మార్చమన్నది అసలు ఓనరేనని తెలియడానికి త్రివేణి నంబరుకే మిషన్ ఫోన్ చేసి కొన్ని అంకెలు చెబుతుందట. ఆ అంకెలు తనకు చెప్పాలట. ఎప్పుడు వస్తుందో తెలియదట.

"అందాక ఫోను మాత్రం బంద్ పెట్టకు అక్కా. ఎవరు చేసినా ఎత్తు."

 ఏ ఫోనుకు భయపడి బియ్యంలో దాచిందో దాన్నే ఇప్పుడు చేతి దగ్గర పెట్టుకుని, తెలియని ప్రతి నంబరునూ ఎత్తాలి. సాలి సంగతి అడిగింది. ఆమెదీ మంచమే ఉందక్కా, కానీ ఫోను కలుస్తలేదు, కలవకపోతే మార్చలేను అన్నాడు.

ఆ మధ్యాహ్నమే భాస్కర్ వచ్చాడు. లోడు దింపి, ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో. స్నానం చేసి, అన్నం తిని, గోపికను ఒళ్లో కూర్చోబెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. త్రివేణి సాయంత్రానికి పూరీపిండి కలుపుతోంది. ఫోను అతని మోచేతి పక్కనే ఉంది. తీసి దగ్గర పెట్టుకుంటే ఎందుకని అడుగుతాడు. తీయకపోతే మోగుతుంది. ఆమె చేతులు పిండిలో ఉండగానే మోగింది.

భాస్కర్ ఎత్తాడు.

అవతలి మాట ఆమెకు వినబడలేదు. ఈగ ముసిరినట్టు సన్నటి చప్పుడు మాత్రమే. భాస్కర్ ఆ అన్నాడు. హోటలే అన్నాడు.  గోపికను ఒళ్లోంచి కిందికి దించాడు. అప్పుడు త్రివేణి వైపు చూశాడు. ఆ చూపు కోపమా, ఇంకేమైనానా, ఆమె గుర్తుపట్టలేకపోయింది.

"ఆమె నా భార్య," అన్నాడు ఫోనులో. "నేను గీడనే ఉన్న. నీ పేరేంది, ఏ ఊరు నీది?"

అవతలివాడు పెట్టేశాడు. భాస్కర్ ఫోనును బల్ల మీద మెల్లగా పెట్టాడు. ఎన్నడి సంది వస్తున్నయి ఈ ఫోన్లు అని అడిగాడు.  గోపిక వచ్చి తల్లి కొంగు వేలికి చుట్టుకుంది. అప్పుడు త్రివేణి మొదలుపెట్టింది. ఇడ్లీ తిన్న గోవర్ధన్ నుంచి పంతులుగారి మంచం గుర్తు దాకా, మధ్యలో బుచ్చమ్మ అందుకున్నది కూడా కలిపి, చేతులకు పిండి ఎండిపోయేదాకా చెప్పింది. బుచ్చమ్మ, నేనే అన్న బిడ్డా రాత్రి గూడ తెరుస్తమని, అన్నం కోసమన్న అని కొడుకు చేతులు పట్టుకుంది.

భాస్కర్ తిట్టలేదు.  త్రివేణి ఊహించుకున్న మాటల్లో ఒక్కటీ అతని నోట రాలేదు. వచ్చిన మాట అంతకన్నా బరువుగా ఉంది.

"గేటు కాడ డ్రైవర్లు ఒక నంబరు ఒకరికొకరు చెప్పుకుంటున్రు. సాలి హోటల్ అని. నేను గూడ ఇన్న. ఇని నమ్మిన. ఆడ చాయ తాగుడు గూడ బంద్ చేసిన."

త్రివేణి అతని వైపు చూసింది. సాలి చేతి అన్నం ఇన్నేళ్లు తిన్న మనిషి, పెళ్లాంతో ఒకే చాప పంచుకున్న మనిషని తెలిసినవాడు, నలుగురు నవ్వుతూ చెబితే నమ్మేశాడు. తన సంగతి ఇంట్లో కాక లారీల వరసలో విని ఉంటే తన గురించి కూడా నమ్మేవాడే. అతనికీ ఆ సంగతి తెలిసినట్టుంది. ఆ తర్వాత ఆమె కళ్లలోకి చూడలేదు.

మిషన్ ఫోను మర్నాడు వచ్చింది. భాస్కర్ పక్కనే ఉన్నాడు. అంకెలు గోవర్ధన్‌కు చెప్పారు. కొన్నాళ్లకు మంచం పోయి చెంచా, ఫోర్కు వచ్చాయి. ఫోటో తీసేసి బోర్డు ఫోటో పెట్టారు. పెళ్లిళ్లకు పోయేవాళ్లు, భద్రాచలం పోయేవాళ్లు కార్లు తిప్పుకుని వచ్చి, ఫోన్లో చూసి వచ్చామంటూ ఇడ్లీ తింటున్నారు. గోవర్ధన్ చెప్పింది నిజమే, ఇప్పుడు త్రివేణి హోటల్ ఉన్నట్టు అందరికీ తెలుసు. అయినా ఫోను మోగితే ఆమె చెయ్యి ముందు జుట్టు ముడి మీదికే పోతోంది.

సాలి మంచం మాత్రం అట్లాగే ఉంది. ఫోను ఎత్తేవాళ్లు లేరు కాబట్టి దాన్ని మార్చేవాళ్లు లేరు.

భాస్కర్ తర్వాతి లోడుకు పోయినప్పుడు ఆమెను వెతుక్కుంటూ షెడ్డుకు పోయాడు. పట్టా దించి కట్టేసి ఉంది. పొయ్యిలో బూడిద తడిసి గడ్డకట్టింది. క్వారీలో మంగ్త్యా కనబడితే అడిగాడు. తల ఎత్తకుండానే, కోదాడ పోయింది, మీ ఇంట్లనే ఉన్నది గద అన్నాడతను. భాస్కర్ ఇంటికి వచ్చి ఆ మాట చెబితే, సాలి ఈడికి రానేలేదు గద అంది త్రివేణి.

రెండు రోజులకు మిర్యాలగూడ బస్సు దిగి సాలి తల్లి ద్వాళి వచ్చింది. అల్లుడి మాట నమ్మి, కొంగులో పల్లీలు మూటకట్టుకుని తెచ్చింది. చెప్పులు బయటే విడిచి, రేకుల పందిరి కింద అటూ ఇటూ చూసి, లోపలి గది వైపు గొంతు పెంచి పిలిచింది.

"సాలీ, నేనొచ్చిన బిడ్డా, బయటికి రా."

త్రివేణి ఆమె చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది.  సాలి ఇక్కడికి రాలేదని బుచ్చమ్మే చెప్పింది. ద్వాళి ఏడవలేదు. పల్లీల మూట విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, మరి నా బిడ్డ ఏడున్నది అని అందరినీ ఒక్కొక్కరినీ అడిగింది.

భాస్కర్ ఆమెను తీసుకుని మళ్లీ మేళ్లచెరువు పోయాడు. అప్పటికి మంగ్త్యా కూడా క్వారీ పని మానేసి ఎటో పోయాడు. ఇద్దరూ కలిసి బతుకుదెరువుకు పోయారని కొందరన్నారు. ఆమె ఒక్కతే సంచి పట్టుకుని బస్సెక్కడం చూశామని కొందరన్నారు. ఏ బస్సో ఎవరూ చెప్పలేకపోయారు.

త్రివేణి ఇప్పుడు ఫోను బంద్ పెట్టదు. పగలూ రాత్రీ తలగడ పక్కనే ఉంటుంది. నీకు గూడ వస్తున్నయానే అని అడిగిన గొంతు మళ్లీ ఒక్కసారి వినబడితే, ఈసారి అత్త పక్కన ఉన్నా, ఊరంతా పక్కన ఉన్నా, అవునే, నాకు గూడ వచ్చినయ్ అని చెప్పడానికి.

కాబట్టి ఇది చదివినవాళ్లకు ఒక మనవి. మేళ్లచెరువు దిక్కో, ఇంకేదైనా ఫ్యాక్టరీ గేటు దిక్కో పోతే, పట్టా కప్పిన చాయ షెడ్డులో నవ్వినప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టుకునే మనిషి కనబడుతుందేమో జర చూడండి. మీ ఫోనులో సాలి హోటల్ అని మంచం గుర్తుతో ఇప్పటికీ వస్తుంది. ఆ నంబరుకు ఫోన్ చేయకండి, చేసినా కలవదు. మనిషిగా పోయి, ఒక చాయ తాగి, బాగున్నవా సాలీ అని అడగండి. ఆమె బాగుంటే, కోదాడలో త్రివేణికి ఆ ఒక్క మాట చెప్పండి.